ఇంట్లో హా గావ్: పైపొర అద్దంలా రావాలంటే

హా గావ్ అంటే హాంకాంగ్ టీ హౌసుల్లో తినే రొయ్యల డంప్లింగ్, అంటే పల్చటి పిండి పొరలో రొయ్యలు పెట్టి ఆవిరి మీద ఉడికించేది. అది ఇంట్లో రావాలంటే మైదా వద్దు, గ్లూటెన్ (సాగే జిగురు) తీసేసిన గోధుమ పిండి, అంటే వీట్ స్టార్చే కావాలి, అప్పుడే లోపలి రొయ్య గులాబీ రంగులో బయటికి కనిపిస్తుంది. 100 గ్రాముల వీట్ స్టార్చ్‌కి 50 గ్రాముల టాపియోకా స్టార్చ్ (కర్రపెండలం పిండి), చిటికెడు ఉప్పు కలిపి సలసలా మరిగే నీళ్ళు 150 మి.లీ. దాకా ఒకేసారి పోసి గబగబా కలిపి మూత పెట్టేయండి, నీళ్ళు కాస్త చల్లారినా పిండి ఉడకదు, మడతపెట్టేటప్పుడు పగిలిపోతుంది. 5 నిమిషాలాగి చెంచాడు నూనె వేసి పిసికి తడిగుడ్డ కప్పాలి.

రొయ్యలు తడి లేకుండా తుడిచి, సగం ముక్కలు కోసి సగం నలగ్గొట్టి, లేత వెదురు చిగుళ్ళ తరుగు, ఉప్పు, తెల్ల మిరియాల పొడి, కొంచెం పంచదార, వేయించిన నువ్వుల నూనె వేసి జిగురొచ్చేదాకా ఒకే వైపు తిప్పండి. పిండిని చిన్న ఉండలు చేసి పల్చగా ఒత్తి, మధ్యలో ఈ రొయ్యల ముద్ద పెట్టి, ఒక పక్కనే కుచ్చిళ్ళు పెట్టి మూసి, క్యాబేజీ ఆకు మీద పెద్ద మంటన 6 నిమిషాలు ఆవిరి పడితే చాలు, ఎక్కువైతే రొయ్య రబ్బరైపోతుంది.