పెద్దవాళ్లలో పేగులో పేగు దూరితే ఎలా కనిపెట్టాలి, ఏం చేయాలి

ఒక పేషెంట్ అదే నెలలో మూడోసారి కడుపు నొప్పని మా ఆసుపత్రికి వచ్చారు. ముందు రెండుసార్లూ గ్యాస్ అని మందులిచ్చి పంపేశారట. నేను వెళ్లేసరికి నొప్పి తగ్గి, మంచం మీద కూర్చుని మాట్లాడుతున్నారు. పొట్ట మెత్తగానే ఉంది. గంట తర్వాత చూస్తే మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని చెమటలు కక్కుతున్నారు. అప్పుడు చెయ్యి పెడితే కుడి పక్కన గట్టిగా తగిలింది. అందుకే డ్యూటీ డాక్టర్లకు చెబుతుంటాను, నొప్పి వచ్చినప్పుడు మళ్లీ వెళ్లి చెయ్యి పెట్టి చూడండని.

చొక్కా చెయ్యి లోపలికి మడతపడ్డట్టు పేగులో ఒక భాగం పక్క భాగంలోకి దూరిపోవడమే ఇంటస్ససెప్షన్. పసిపిల్లల జబ్బని చదువుకుంటాం. నిజమే, మొత్తం కేసుల్లో పెద్దవాళ్లు సుమారు 5 శాతమే. పిల్లల్లోలా నొప్పి, గడ్డ, రక్తం కలిసిన జిగట విరేచనం మూడూ ఒకేసారి వీళ్లలో కనిపించడం అరుదు. వారాల తరబడి వస్తూ పోతూ ఉండే నొప్పి, వాంతులు, ఉబ్బరం, అంతే.

అనుమానం రాగానే నోటితో ఏమీ ఇవ్వకండి. ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ అనే గొట్టం వేసి, సెలైన్ పెట్టి, రక్తంలో పొటాషియం చూసి సరిచేయండి. మూత్రం గంటకు కిలో బరువుకు కనీసం 0.5 మిల్లీలీటరు రావాలి. పొట్ట బిగుసుకుపోయినా, నొప్పి తెరిపి లేకుండా ఉన్నా, రక్త పరీక్షలో లాక్టేట్ (ఆక్సిజన్ అందని కణజాలం నుంచి పెరిగే ఆమ్లం) పెరిగినా పేగుకు రక్తం అందడం లేదేమోనని సర్జన్‌ను వెంటనే పిలవండి.

ఎక్స్‌రే అడ్డంకి ఉందని చెబుతుందే గానీ కారణం చెప్పదు. కాంట్రాస్ట్ సీటీ, అంటే రంగుమందు ఎక్కించి తీసే స్కాన్ కావాలి. అందులో ఒకదాన్లో ఒకటి వలయాలు కనిపిస్తాయి. నేను ముందు వెతికేది వలయాల మధ్య నల్లటి నెలవంకలా కనిపించే కొవ్వును, అందులోని రక్తనాళాలను. అవి పేగు లోపల ఉండకూడనివి. వేరే పనికి తీసిన స్కాన్‌లో అడ్డంకీ గడ్డా లేకుండా చిన్నపేగులో పొట్టి మడత కనిపిస్తే మాత్రం కంగారు పడి కొయ్యకండి, చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది.

పిల్లలకు గాలి ఎనిమాతో, అంటే మలద్వారం నుంచి గాలి పంపి సరిచేస్తాం. పెద్దవాళ్లకు అది సరిపోదు, ఎందుకంటే వీళ్లలో దాదాపు 90 శాతం మందికి లోపల గడ్డో పాలిపో (పేగు లోపలి పొర మీద పెరిగే కండ) లాంటి కారణం ఉంటుంది. పెద్దపేగైతే క్యాన్సర్ అవకాశం ఎక్కువ, కాబట్టి మడత విప్పకుండానే ఆ భాగాన్ని తీసేయడం మేలు. చిన్నపేగులో రంగు బాగుండి, క్యాన్సర్ అనుమానం లేకపోతే, కింది వైపు నుంచి మెల్లగా నొక్కుతూ వెనక్కి నెట్టాలి. పైనుంచి లాగితే చిరుగుతుంది.

ఆయనది చిన్నపేగే. నెట్టుతుంటే మడత జారి విడిపోయింది, లోపల ఇరుక్కుని కమిలిన పేగు తడిగుడ్డ కింద నెమ్మదిగా గులాబీ రంగుకొచ్చింది. లోపల నిమ్మకాయంత గడ్డ. ఆ ముక్క వరకే తీసి కుట్టాం. కోసి చూస్తే పసుపుపచ్చగా, నున్నగా ఉంది. అయినా బయాప్సీ రిపోర్టు చేతికొచ్చేదాకా ఆయన భార్యకు క్యాన్సర్ కాదని చెప్పలేదు. కొవ్వు గడ్డేనని తేలాక స్వయంగా వెళ్లి చెప్పాను.