ఉరుముల కాలానికి ముందు మదర్‌బోర్డు మార్చుకునేవారికి జాగ్రత్తలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల్లో వేసవి చివరి ఉరుముల నుంచి అక్టోబరు తుపానుల దాకా ఇంట్లో కంప్యూటర్‌కు గడ్డుకాలమే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఏం చేసిందో ఇక్కడివారికి చెప్పక్కర్లేదు. ఆగిపోయిన కంప్యూటర్‌కు బోర్డు మార్చాలనుకుంటే మృగశిర కార్తె లోపే ఆ పని ముగించండి. కానీ కొనే ముందు పాత బోర్డు నిజంగా పోయిందా, పోతే ఎందుకు పోయింది అన్నది తేల్చుకోవాలి. కారణం ఇంట్లోనే ఉండిపోతే కొత్త బోర్డూ మొదటి పిడుగుకే పోతుంది.

ముందు ప్లగ్గు తీసేయండి. ర్యామ్ (మెమరీ పట్టీలు) బయటికి తీసి, బంగారు రంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో తుడిచి, ఒక్కో స్లాట్‌లో ఒక్కో స్టిక్ పెట్టి చూడండి. ఈ తేమకు చాలాసార్లు ఆగేది అక్కడే. తర్వాత ర్యామ్ మొత్తం తీసి, బోర్డుకు చిన్న బీప్ స్పీకర్ తగిలించి, ప్లగ్గు పెట్టి ఆన్ చేయండి. బీప్ వినిపిస్తే బోర్డు, ప్రాసెసర్ బతికే ఉన్నాయని అర్థం. బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ మల్టీమీటర్‌తో కొలిస్తే 3 వోల్టులుండాలి, 2.7 కంటే తగ్గితే మార్చండి. ఎస్ఎంపీఎస్‌కు (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) బోర్డు తీగలు తీసేసి ఒక ఫ్యాన్ మాత్రం తగిలించి, 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగను ఏదైనా నల్ల తీగతో కలిపితే అది తిరగాలి. తిరిగినంత మాత్రాన మంచిదని కాదు. పసుపు తీగలో 11.4 నుంచి 12.6, ఎరుపులో 4.75 నుంచి 5.25 వోల్టులుండాలి. ఈ హద్దులు దాటితే ముందు ఎస్ఎంపీఎస్ మార్చాలి. దాని డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం మీదికి తెచ్చేంత కరెంటు ఉంటుంది.

బోర్డే పోయిందని తేలితే, చేతిలో ఉన్న ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ సరిపోయే బోర్డే చవకైనది. తప్పు బోర్డు తెచ్చుకుంటే బరంపురానికో విశాఖకో మళ్లీ ప్రయాణం, ఛార్జీలు, ఒక రోజు పని పోతాయి. ప్రాసెసర్ మీద వేడిని కూలర్‌కు చేర్చే పేస్టు తుడిచి నంబరు ఫోటో తీసుకోండి. ఇంటెల్‌లో ఐ5-2400, ఐ3-3220 లాంటి రెండు, మూడు తరాల ప్రాసెసర్లకు హెచ్61 చిప్‌సెట్ (బోర్డు రకం) ఉన్న బోర్డు. నాలుగో తరానికి హెచ్81. ఆరు, ఏడు తరాలకు హెచ్110. ఎనిమిది, తొమ్మిదికి హెచ్310. పది, పదకొండుకు హెచ్510. పన్నెండు నుంచి పద్నాలుగు దాకా హెచ్610. ఎక్కువమంది దెబ్బతినేది హెచ్110, హెచ్310 దగ్గర. రెండింటి సాకెట్ పేరూ ఎల్‌జీఏ1151యే, ప్రాసెసర్ కూర్చుంటుంది కూడా. కానీ ఐ5-8400ను హెచ్110 మీద పెడితే పనిచేయదు. ఏఎండీ కంపెనీ ఏఎం4 సాకెట్ ప్రాసెసర్ అయితే బోర్డు కంపెనీ సైట్‌లో మీ ప్రాసెసర్ పేరూ, దానికి కావలసిన బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) వెర్షనూ చూసుకోండి.

ర్యామ్ కూడా అంతే. డీడీఆర్3, డీడీఆర్4 గాట్లు వేరు. ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు, బలవంతం చేస్తే విరుగుతుంది. హెచ్610లో డీడీఆర్4 బోర్డులూ డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి, బిల్లు రాయించే ముందే అడగండి. ఇంటెల్ పేరు చివర ‘ఎఫ్’ ఉన్నా, ఏఎం4 రైజెన్ పేరు చివర ‘జీ’ లేకున్నా, గ్రాఫిక్స్ కార్డు లేకుండా కొత్త బోర్డు హెచ్‌డీఎంఐలో బొమ్మ రాదు.

డెల్, హెచ్‌పీ, లెనోవో రెడీమేడ్ డెస్క్‌టాప్ అయితే ఇంకా జాగ్రత్త. వాటిలో చాలావాటికి పవర్ కనెక్టర్, ముందు బటన్ల తీగలు, స్క్రూ రంధ్రాలు మామూలు బోర్డులకు సరిపోవు. అదే మోడల్ బోర్డు వెతకాలి, లేదంటే క్యాబినెట్, ఎస్ఎంపీఎస్ కలిపి లెక్క వేసుకోవాలి. ఆ మొత్తం మంచి రీఫర్బిష్డ్ సెట్టు ధరలో సగం దాటితే బోర్డు కొనడం దండగ అని మా అభిప్రాయం.

సెకండ్ హ్యాండ్ బోర్డును ఫోన్ టార్చి వేసి చూడండి. సాకెట్‌లో ఒక్క పిన్ను వంగి ఉన్నా, కెపాసిటర్ తల ఉబ్బినా వద్దు. షాపులోనే అరగంట నడిపించి అన్ని ర్యామ్ స్లాట్లు, యూఎస్‌బీలు, ల్యాన్ పోర్టు పరీక్షించండి. క్యాబినెట్ వెనకాల పోర్టుల చుట్టూ బిగించే రేకు అడిగి తీసుకోండి. అది లేకపోతే ఆ సందులోంచి చీమలు, బల్లులు చేరతాయి. కొత్తదైతే సీరియల్ నంబరున్న బిల్లు, సాకెట్ మీది ప్లాస్టిక్ మూత దాచండి; మూత లేని బోర్డును వారంటీకి తీసుకోని కంపెనీలున్నాయి.

విండోస్ ఉన్న డిస్క్‌కు బిట్‌లాకర్‌తో (విండోస్‌లోని డిస్క్ తాళం) తాళం పడి ఉంటే, బోర్డు మారగానే రికవరీ కీ అడుగుతుంది. అది చాలాసార్లు మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది; విప్పే ముందే రాసిపెట్టుకోండి. కంప్యూటర్‌తో వచ్చిన విండోస్ ఓఈఎం లైసెన్సు సాధారణంగా కొత్త బోర్డుకు మారదు.

బిగించేటప్పుడు బోర్డుకు రంధ్రం లేనిచోట క్యాబినెట్‌లో ఉన్న ఇత్తడి స్టడ్ తీసేయండి, అది బోర్డు వెనక తగిలి షార్ట్ చేస్తుంది. పేస్టు బఠాణీ గింజంత చాలు. ఇంటెల్ కూలర్ నాలుగు పిన్నులూ ఎదురెదురు మూలల వరుసలో, టక్కుమనే దాకా నొక్కాలి. ఫ్యాన్ తిరిగి బొమ్మ రాకపోతే ప్రాసెసర్ పక్కన 4 లేదా 8 పిన్నుల పవర్ పెట్టారో లేదో ముందు చూడండి.

ఇక ఎర్తింగ్. క్యాబినెట్ రేకు తాకితే చేతికి జివ్వుమంటోందంటే ఎర్త్ లేదని లెక్క. అప్పుడు స్పైక్ గార్డు ఉన్నా పూర్తిగా కాపాడలేదు. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎర్త్ గుంతలో లోపముందో, న్యూట్రల్ వదులుగా ఉందో చూపించండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌తో పెట్టడం మానండి.

ఉరుము వినిపించగానే స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోదు, ప్లగ్గు పీకాలి. దానితోపాటు ల్యాన్ తీగ కూడా. ఫైబర్ కనెక్షనైనా రౌటర్ అడాప్టర్ కరెంటు లైను మీదే ఉంటుంది. ఆ దెబ్బ ల్యాన్ తీగ వెంట బోర్డుకు చేరుతుంది. పిల్లలు తీగ తీయడం మర్చిపోతారనుకుంటే చిన్న యూఎస్‌బీ వైఫై పెట్టి, ల్యాన్ తీగను వానాకాలమంతా తీసేసి ఉంచండి.