ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ కార్డు మార్చాలా? ముందు అది ఊడొస్తుందో లేదో చూడండి

మా మేనల్లుడు అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఒకరోజు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని వచ్చి, "మామా, గ్రాఫిక్స్ కార్డు మారిస్తే ఎడిటింగ్ స్పీడు అయితాదంట, షాపాయన పదైదు వేలు అడుగుతాండాడు" అన్నాడు. "అది ఊడొస్తాదా రా ముందు?" అంటే తెల్లమొహం వేసినాడు.

అందుకే జేబులో చెయ్యి పెట్టకముందే ఈ పని చేయండి. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. అందులో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఇంటెల్ పేరొక్కటే ఉంటే, ఆ గ్రాఫిక్స్ దాదాపుగా ప్రాసెసర్‌లోనే ఉన్నట్టు. ఊడదీయడానికి విడిగా కార్డే ఉండదు. ఎన్విడియా, ఏఎమ్‌డి పేరు కనబడినా సంబరపడొద్దు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ చిప్పును మదర్‌బోర్డుకే టంకం వేసి ఉంటారు. ఎమ్‌ఎక్స్‌ఎమ్ అనే ఊడదీసే కార్డులు కొన్ని పాత గేమింగ్ మోడళ్లలో, డెల్ ప్రెసిషన్ లాంటి వర్క్‌స్టేషన్లలో వచ్చేవి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్లో కార్డు తీసే పద్ధతి లేకపోతే ఆశ వదులుకోండి.

ఊడేదే అయితే కొత్త కార్డు సైజు, స్క్రూ రంధ్రాలు, కరెంటు వాడకం పాతదానికి సరిపోవాలి, బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం) కూడా ఒప్పుకోవాలి. చార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ విప్పాకే చెయ్యి పెట్టండి. హీట్‌సింక్ (చిప్పు వేడిని లాగే లోహపు భాగం) స్క్రూల పక్కన చాలావరకు 1, 2, 3, 4 అని అంకెలుంటాయి. బిగించేటప్పుడు ఆ వరుసలోనే, కొంచెం కొంచెంగా తిప్పండి. ఒకటే మూల గట్టిగా బిగిస్తే చిప్పు పగలొచ్చు. చిప్పుకూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే పాత థర్మల్ పేస్టు తుడిచి, కొత్తది జొన్నగింజంత చాలు.

ఊడనిదానికి మందు వేరే ఉంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మామూలు ర్యామ్‌నే వాడుకుంటుంది. మావాడి దాంట్లో ఒకటే ర్యామ్ ఉంది, రెండో స్లాటు ఖాళీ. అదే సైజుది ఇంకొకటి వేసి, ఫ్యాన్లో పేరుకున్న దుమ్ము తీసినాం. మన ఎండకూ దుమ్ముకూ అది ఎట్లాగూ చేయాల్సిన పనే.

ఇక డ్రైవరు, అంటే గ్రాఫిక్స్‌ను విండోస్‌తో పని చేయించే సాఫ్ట్‌వేర్. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్లో మీ మోడల్ నంబరుకు ఇచ్చిందే ముందు చూడండి. డివైస్ మేనేజర్లో పేరు తెలియకుండా పసుపు గుర్తు ఉంటే, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కు పోయి హార్డ్‌వేర్ ఐడీ చూడండి: వీఈఎన్ తర్వాత 10డీఈ ఉంటే ఎన్విడియా, 1002 ఉంటే ఏఎమ్‌డి, 8086 ఉంటే ఇంటెల్.

కొత్త డ్రైవరు దించుకున్నాక నెట్ ఆపేయండి, లేకపోతే మధ్యలో విండోస్ తనకు తోచింది ఎక్కించేస్తుంది. కార్డు మార్చినా, పాత డ్రైవరు సతాయిస్తున్నా, సేఫ్ మోడ్‌లోకి (విండోస్ అవసరమైనవి మాత్రమే నడిపే పద్ధతి) పోయి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ప్రోగ్రాంతో దాన్ని పూర్తిగా తీసేయండి. రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌కు ముందు ప్రాసెసర్‌ది, తర్వాత ఎన్విడియాది వేయండి.

డ్రైవరు వేసేటప్పుడు మాత్రం బ్యాటరీ నిండుగా పెట్టుకొని, చార్జర్ తగిలించే మొదలుపెట్టండి. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. మధ్యలో స్క్రీను ఒకటి రెండుసార్లు నల్లబడుతుంది. అట్ల అయ్యేసరికి మావాడు "పాయె మామా!" అని పవర్ బటన్ మీద వేలు పెట్టినాడు. చెయ్యి పట్టుకొని ఆపినా. పది సెకన్లకు బొమ్మ వచ్చింది.