స్పోర్ట్స్ కారును అర్థం చేసుకుందాం – 4వ పాఠం: బరువు ఎక్కడ తెలుస్తుంది?

ఈసారి సస్పెన్షన్, అంటే చక్రాలకూ కారు బాడీకీ మధ్య ఉండే స్ప్రింగుల ఏర్పాటు, మొదలుపెట్టాలి. కానీ 3వ పాఠం చివర ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులు చూశాక, స్ప్రింగుల జోలికి ఇప్పుడే వెళ్లకూడదని నిర్ణయించుకున్నాను. ఇంజను హార్స్‌పవర్‌ను కారు బరువుతో, టన్నుల్లో, భాగించమన్నాను. భాగహారం అందరికీ వచ్చింది. వచ్చిన అంకెను పట్టుకుని తేల్చిన తీర్పుల దగ్గరే తేడా కొట్టింది.

ముందు చిన్న తప్పు. కొందరు డ్రై వెయిట్ తీసుకున్నారు. అంటే పెట్రోలు, ఇంజనాయిల్, కూలెంట్ లేని బరువు. అలాంటి కారు స్టార్ట్ కూడా కాదు. 40 లీటర్ల పెట్రోలే దాదాపు 30 కిలోలు తూగుతుంది. కంపెనీ ఇచ్చే కర్బ్ వెయిట్, అంటే అవన్నీ పోసి రోడ్డెక్కడానికి సిద్ధంగా ఉన్న కారు బరువు, తీసుకోండి. దీని మీద ఇక మళ్లీ అడగొద్దు.

ఇప్పుడు అసలు తలనొప్పి. "రెండు కార్లకీ టన్నుకు ఒకే పవర్ వస్తే, నడపడానికి రెండూ ఒకటే కదా సార్?" అని చాలామంది రాశారు. కాదండీ, అస్సలు కాదు.

1996లో వచ్చిన మొదటి తరం లోటస్ ఎలీస్‌నే చూడండి. సుమారు 725 కిలోలు, 1.8 లీటర్ల రోవర్ ఇంజను, 118 హార్స్‌పవర్. టన్నుకు దాదాపు 163. ఇక 2,200 కిలోల పెట్రోలు కారు ఒకటి ఊహించుకుని దానికి 359 హార్స్‌పవర్ ఇవ్వండి. దానికీ 163 వస్తుంది. తిన్నని రోడ్డు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే రెండూ కాస్త అటూ ఇటూగా కలిసే వెళ్తాయి. వేగం బాగా పెరిగాక గాలిని నెట్టుకుపోవడానికి పెద్ద ఇంజనే మెరుగు కాబట్టి, బరువు కారే ముందుకు పోవచ్చు కూడా. ఆ అంకె చెప్పేది అంతవరకే. శ్రీశైలం ఘాట్‌లో మీరు యాక్సిలరేటర్‌ను చివరిదాకా తొక్కి ఉంచేది ఎంతసేపు? మిగతా సమయమంతా బ్రేకు, స్టీరింగే. అక్కడ ఆ భాగహారం ఎందుకూ పనికిరాదు.

బ్రేకు సంగతి చూడండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎలీస్‌లో ఉండే శక్తి దాదాపు 280 కిలోజౌళ్లు. బరువు కారులో 849. ఆపాలంటే అందులో చాలా భాగం బ్రేకు డిస్కుల్లో వేడిగా మారాలి. మొదటి మలుపు దగ్గర రెండూ బాగానే ఆగుతాయి. వరసగా మలుపులు దిగుతుంటే, డిస్కులు చిన్నవైతే బరువు కారు పెడల్ మెత్తబడుతుంది. అందుకని పెద్ద డిస్కులు వేస్తారు. అవి పట్టడానికి పెద్ద వీల్, దానికి పెద్ద టైరు. వీటన్నిటి వల్ల బరువు మళ్లీ పెరుగుతుంది.

టైరు సంగతి ఇంకా ముఖ్యం. టైరు మీద బరువు రెట్టింపైతే గ్రిప్ పెరుగుతుంది కానీ రెట్టింపు కాదు. మలుపులో లోపలి టైర్ల మీద బరువు తగ్గి బయటి టైర్ల మీద పడుతుంది. లోపల పోయినంత గ్రిప్ బయట రాదు. దాన్ని సరిచేయడానికి వెడల్పు టైర్లు వేస్తారు. ఎలీస్ ముందు టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు. మన స్విఫ్ట్ ఖరీదైన రకాల్లో వచ్చేదీ అంతే! దాదాపు 2,200 కిలోల ఎలక్ట్రిక్ కారు హ్యుందాయ్ అయోనిక్ 5 ఎన్‌కు 275 వేస్తారు. ఆ వెడల్పుతో గ్రిప్ దండిగా ఉంటుంది. కానీ టైరు జారడం మొదలైందని చేతులకు తెలిసే వేగానికి వెళ్లేలోపు లైసెన్సు పోతుంది. తేలిక కారులో ఆ మాట మామూలు వేగంలోనే తెలుస్తుంది. సరదా అంటే నా లెక్కలో అదే.

నా అడ్డదారి ఒకటి చెప్తాను. స్పెసిఫికేషన్ కాగితంలో నేను ముందు చూసేది పవర్ కాదు, ముందు టైరు వెడల్పు. బరువు దాచినా అది దాగదు. పవర్ స్టీరింగ్ లేకపోతే ఇంకా ఇష్టం. ఎలీస్‌లో లేదు, అవసరమూ రాలేదు. దాని అల్యూమినియం ఛాసిస్ 68 కిలోలే మరి. ముక్కల్ని ఎపాక్సీ జిగురుతో అంటించి చేశారు.

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ ఉందన్నదీ చూడాలి. కావడి మోసే మనిషి పక్కకు తిరిగేటప్పుడు గమనించండి. రెండు కొసలా బిందెలు వేలాడుతుంటే తిరగడం ఆలస్యం, తిరిగాక ఆగడమూ ఆలస్యం. అవే బిందెల్ని గుండెకు దగ్గరగా పట్టుకుంటే చటుక్కున తిరగొచ్చు. ఎలీస్‌లో ఇంజను సీట్ల వెనకే ఉన్నది అందుకే. అయోనిక్ 5 ఎన్ అంత బరువున్నా ఒళ్లు వంచగలుగుతోందంటే, బ్యాటరీ ఇరుసుల మధ్య, నేలకు దగ్గరగా ఉండటం ఒక కారణం.

"ఎయిర్‌బ్యాగులు, భద్రతా నియమాలు వచ్చాక తేలిక కార్లు సాధ్యం కాదు" అన్నవాళ్లకు ఒక్క మాట. 1989 నాటి మొదటి మాజ్దా ఎమ్ఎక్స్-5 వెయ్యి కిలోల లోపే. 2015లో వచ్చిన నాలుగో తరంలో, జపాన్‌లో అమ్మిన అతి తేలిక రకం 990 కిలోలు.

అభ్యాసం. స్పోర్ట్స్ కారు అక్కర్లేదు, ఇంట్లో ఉన్నది చాలు. నేలకు సమానంగా ఉండే లారీ కాటాకు వెళ్లండి. ర్యాంపు ఎక్కించే కాటా అయితే వద్దు, కారు వాలితే లెక్క తప్పుతుంది. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఒకసారి, మొత్తం కారు ఎక్కించి ఒకసారి తూకం వేయించండి. కాటా 5, 10 కిలోల మెట్లలో చూపిస్తుంది కాబట్టి, మొదటి రెండూ కలిపితే మూడోదానికి 20 కిలోల లోపు తేడా ఉంటే సరే. తర్వాత వెనక ముగ్గుర్ని కూర్చోబెట్టి మళ్లీ మూడు తూకాలు. కాటావాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

అక్కణ్ణుంచి ఖాళీ మైదానానికి. 15 మీటర్లకొకటి చొప్పున అయిదు నీళ్ల సీసాలు పెట్టి, 30 కిలోమీటర్ల వేగంలో వాటి మధ్య వంకరటింకరగా నడపండి. ముందు ఒంటరిగా, తర్వాత వెనక ముగ్గురితో, ఆ తర్వాత ముగ్గుర్నీ దింపి, డిక్కీలోంచి స్టెప్నీ, సామాను తీసేసి. స్టీరింగ్ తిప్పాక వెనక భాగం ఎంత ఆలస్యంగా వస్తోందో మాత్రమే గమనించండి. వేగం పెంచొద్దు, బెల్టులు అందరికీ తప్పనిసరి. తేడా తెలియకపోతే మళ్లీ చేయండి, తెలిసేదాకా 5వ పాఠం తెరవొద్దు.

కాటా చీటీలు మాత్రం పారేయకండి. స్ప్రింగుల లెక్క ఇరుసు మీద పడే బరువుతోనే మొదలవుతుంది.