జాజ్ కోసం బేస్ గిటార్ కొంటున్నారా? బెంగళూరులో షాపుకెళ్లే ముందు ఇది చదవండి

షాపులోకెళ్లి "జాజ్ వాయించాలండీ, ఏది తీసుకోమంటారు?" అని అడిగామంటే అక్కడి కుర్రాడు రెండో ఆలోచన లేకుండా జాజ్ బేస్ మోడల్ తీసి చేతిలో పెడతాడు. మంచి గిటారే, కాదనను. కానీ ఫెండర్ వాళ్లు 1960లో దాన్ని తేకముందే ఎలక్ట్రిక్ బేస్ మీద జాజ్ మొదలైపోయింది. అదే కంపెనీ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌ని ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే మాంక్ మాంట్‌గోమరీ లయొనెల్ హాంప్టన్ బ్యాండ్‌లో వాయించేశాడు. స్టీవ్ స్వాలో అయితే 1970 ప్రాంతంలో నిలబెట్టి వాయించే డబుల్ బేస్ పక్కన పెట్టి ఎలక్ట్రిక్‌కి వచ్చేసి, చాలామంది జాజ్ వాళ్లు ముఖం చిట్లించే పిక్‌తోనే పేరు తెచ్చుకున్నాడు. కాబట్టి మోడల్ పేరు చూసి డబ్బులు పెట్టకండి.

జాజ్‌లో బేసిస్ట్ రాత్రంతా చేసే పని ఎక్కువగా వాకింగే. బీటుకో స్వరం, నాలుగు బీట్లకి నాలుగు, అన్నీ ఒకే బరువుతో, వెనకది ముందుదాన్ని తోస్తున్నట్టు నడవాలి. ఆ పనికి ముందు నెక్ బాగుండాలి, తర్వాత తీగలు, తర్వాత సెటప్, అంటే నెక్ వంపు, తీగల ఎత్తు సరిచేయించడం. తీగల కంపనాన్ని పట్టి ఆంప్‌కి పంపే పికప్‌లు ఆ తర్వాత. రంగు, నాబ్‌ల సంఖ్య, చెక్క పేరు అన్నిటికంటే ఆఖరున. డబ్బు కూడా అదే వరసలో ఖర్చు పెట్టమంటాను.

షాపులో ఏం చేయాలో చెప్తా. ముందు బేస్ ఆంప్‌కే పెట్టమని అడగండి. అన్నిటికంటే లావు తీగ, అంటే E తీగ, 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, చేతికందిన చిన్న గిటార్ ఆంప్‌కి గుచ్చి ఇస్తే ఆ కింది సౌండ్ సగం వినపడదు, అది చూసి గిటార్ బాలేదనుకుంటారు. ఆంప్ మీద బాస్, ట్రెబుల్ అన్నీ మధ్యలో పెట్టించండి. పక్కన ఎవరో ఒకరు బొటనవేలితో తీగల్ని కొడుతూ స్లాప్ వాయిస్తూ హడావిడి చేస్తుంటారు, పట్టించుకోవద్దు. మీరు ఎఫ్‌లో బ్లూస్ తెలిస్తే అది, తెలియకపోతే మామూలు స్కేలే, బాగా నెమ్మదిగా పైకీ కిందకీ నడిపించండి. తర్వాత ఒక్కో తీగ మీద ఒక్కో ఫ్రెట్ నొక్కి స్వరం ఎంతసేపు నిలబడుతుందో వినండి. సన్న తీగ, అంటే జీ తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్యలో చాలా గిటార్లలో ఒక స్వరం చటుక్కున చచ్చిపోతుంది. నెక్ తన సొంత కంపనంతో ఆ స్వరాన్ని తినేస్తుందన్నమాట. కొంచెం ఉంటే భరించొచ్చు కానీ పక్క స్వరంలో సగం కూడా నిలవకపోతే అదే మోడల్‌లో ఇంకో పీస్ తెమ్మనండి, పీసుకీ పీసుకీ తేడా ఉంటుంది.

నెక్ వంపు చూడటం కష్టమేం కాదు. లావు E తీగని ఎడమ చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, కుడి చేత్తో చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడండి. విజిటింగ్ కార్డు మందమంత ఉంటే సరే. అసలు సందే లేకపోతే, లేదా కింద నుంచి వెలుతురు ధారాళంగా వస్తుంటే సెటప్ చేసి చూపించమనండి. నెక్ పక్కల వెంబడి వేలు రాయండి, ఫ్రెట్ల కొసలు గుచ్చుకుంటున్నాయా? బెంగళూరులో ఫిబ్రవరి, మార్చి పొడిగా ఉంటాయి, చెక్క కొద్దిగా కుంచించుకుపోయి కొసలు బయటికొస్తాయి. ఆకురాయితో సరిచేయించుకోవచ్చు, దానికే వదిలేయక్కర్లేదు, కాకపోతే ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది.

ఆ తర్వాత స్ట్రాప్ తగిలించుకుని లేచి నిలబడి, ఎడమ చెయ్యి వదిలేయండి. తల భాగం నేల వైపు వాలిపోతుంటే రెండు గంటల ప్రోగ్రాంలో మీ ఎడమ చెయ్యి వాయించడం కంటే మోయడమే ఎక్కువ చేస్తుంది. బరువు నాలుగు కిలోలు దాటకపోతే మంచిది. జాజ్ బేస్ నెక్ పైభాగంలో 38 మిల్లీమీటర్ల వెడల్పే ఉంటుంది, ప్రెసిషన్ రకాలు సాధారణంగా అంతకంటే వెడల్పు. ఏది ఎక్కువ మంచిదని లేదు, మీ చేతినే అడగండి. మామూలు స్కేల్, అంటే మోగే తీగ పొడవు, 34 అంగుళాలు. మొదటి నాలుగు ఫ్రెట్ల దగ్గర వేళ్లు చాలక నొప్పెడితే డబుల్ బేస్ వాళ్లలా చూపుడు, మధ్య, చిటికెన వేళ్లతో మూడు ఫ్రెట్లే కవర్ చేయండి, లేదా 30 అంగుళాల షార్ట్ స్కేల్ చూడండి. షార్ట్ స్కేల్‌ని పిల్లల గిటార్ అని తీసిపారేస్తారు గానీ దాని గుండ్రటి సౌండ్ వాకింగ్‌కి భలే కుదురుతుంది.

పికప్‌ల గురించి ఎక్కువ చెప్పను. జాజ్ బేస్‌లో రెండు సింగిల్ కాయిల్‌లు ఉంటాయి, రెండూ పూర్తిగా తెరిస్తే హమ్ పోతుంది, ఒక్కటే పెడితే ముఖ్యంగా పాత ట్యూబ్‌లైట్లున్న గదుల్లో గుయ్‌మంటుంది. నెక్ వైపు పికప్ ఒక్కటీ పెట్టి టోన్ నాబ్ సగానికి పైగా మూసేస్తే జాజ్‌కి కావాల్సిన మెత్తని సౌండ్ వచ్చేస్తుంది. బ్రిడ్జ్ (తీగలు కింద ఆనే భాగం) వైపుది ఒక్కటే పెడితే ఫ్రెట్‌లెస్ బేస్‌తో పేరు తెచ్చుకున్న జాకో పాస్టోరియస్ దారి. ఇప్పుడు మామూలుగా దొరికే ప్రెసిషన్ బేస్‌లో ఈ హమ్ గొడవే లేదు. బ్యాటరీతో నడిచే యాక్టివ్ మోడల్ అయితే బ్యాటరీ లేకుండా వాయించనిచ్చే పాసివ్ స్విచ్ ఉందో లేదో అడగండి, వాయించడం అయ్యాక కేబుల్ పీకేయడం అలవాటు చేసుకోండి, లేకపోతే 9 వోల్టుల బ్యాటరీ ఊరికే అయిపోతుంది.

ఇక తీగలు. అసలు సంగతి ఇక్కడే ఉంది. కొత్త గిటార్ మీద వచ్చేవి రౌండ్‌వౌండ్, పైన చుట్టిన తీగ గుండ్రంగా, గరుగ్గా ఉంటుంది, సౌండ్ పదునుగా, వేలు జరిపితే కీచుమంటూ. ఫ్లాట్‌వౌండ్‌లో పై చుట్టు చదునైన రిబ్బన్, వేలి కింద నున్నగా జారుతుంది, స్వరం ధబ్బుమని మొదలై త్వరగా తగ్గుతుంది. డబుల్ బేస్‌కి ఎలక్ట్రిక్‌లో దగ్గరగా వచ్చేది ఇదే. డాడారియో క్రోమ్స్, లా బెల్లా, థోమాస్టిక్ ఈ మూడూ జాజ్ వాళ్లు ఎక్కువగా వేసేవి. థోమాస్టిక్ టెన్షన్ తక్కువ, తీగ కాస్త వదులుగా తగులుతుంది, లా బెల్లా మందం సెట్లు గట్టిగా ఉంటాయి. ఖరీదు రౌండ్‌వౌండ్ కంటే ఎక్కువే, కానీ ఏళ్ల తరబడి మార్చక్కర్లేదు. తీగల రకం మార్చినప్పుడు నెక్ మీద లాగుడు మారుతుంది కాబట్టి ట్రస్ రాడ్ (నెక్ లోపల దాని వంపు సరిచేసే ఇనుప కడ్డీ), బ్రిడ్జ్ ఎత్తు మళ్లీ సెట్ చేయించాల్సిందే. ఇంట్లో ఇప్పటికే ఏదో బేస్ ఉంటే కొత్తది కొనేముందు దాని మీద ఫ్లాట్స్ వేసి చూడండి, కొనాలన్న ఆత్రం సగం అక్కడే చల్లారుతుంది. బ్రిడ్జ్ పక్కన తీగల కింద చిన్న స్పాంజి ముక్క దూర్చితే స్వరం ఇంకా పొట్టిగా, మెత్తగా తెగుతుంది.

కుడి చెయ్యి ఎక్కడ పెడుతున్నారన్నది కూడా సౌండే. వైట్‌ఫీల్డ్‌లోని విండ్‌మిల్స్ అనే బ్రూపబ్‌లో జాజ్ ఉన్న రోజు వెళ్లి, బేస్ వాయించేవాళ్ల కుడి చేతికి ఎదురుగా కూర్చోండి. ఎలక్ట్రిక్ మీద వాకింగ్ వచ్చినప్పుడు వేళ్లు తరచూ బ్రిడ్జ్ వదిలి ఫింగర్‌బోర్డ్ చివరకి జరుగుతాయి. అందుకే కొనేటప్పుడు అక్కడ వేళ్లకి చోటుందో లేదో, బొటనవేలు ఆనించడానికి ఏదైనా ఉందో లేదో చూసుకోవాలి.

ఫ్రెట్లే లేని ఫ్రెట్‌లెస్ మీద మనవాళ్లకి మోజెక్కువ, గమకాలు పలుకుతాయి కదా అని. నిజమే పలుకుతాయి, శ్రుతి తప్పితే అదీ అంతే స్పష్టంగా పలుకుతుంది. మొదటి గిటార్‌గా వద్దు. ఫ్రెట్లు తీసేసిన తన 1962 జాజ్ బేస్ బోర్డుకి జాకో ఎపాక్సీ పూశాడంటే రౌండ్‌వౌండ్ తీగలు చెక్కని అరగదీస్తాయి కాబట్టే. ఐదు తీగలదీ వద్దు. అదనపు బి తీగ 31 హెర్ట్జ్ దగ్గరుంటుంది, పీజీ గదిలో పెట్టుకునే చిన్న ఆంప్‌కి అది ఎలాగూ చేతకాదు.

డబ్బు సంగతికొస్తే యమహా, ఐబనేజ్, స్క్వయర్, కోర్ట్ వాటిల్లో 20 వేల నుంచి 35 వేల మధ్య జాజ్‌కి సరిపోయేవి దొరుకుతాయి. అందులో సెటప్‌కి, ఫ్లాట్స్‌కి ముందే కొంత పక్కన పెట్టుకోండి. 60 వేల గిటార్ సెటప్ లేకుండా వాయించడం కంటే ఇది నయం.

ఈ ఊళ్లో సెకండ్ హ్యాండ్ కూడా బాగా దొరుకుతుంది. ఆన్‌సైట్ వచ్చిందనో ఇల్లు మారుతున్నామనో దుమ్ము పట్టిన మంచి గిటార్లు తక్కువకే ఇచ్చేస్తారు. నాబ్ తిప్పితే కరకరలాడటం, జాక్ వదులుగా ఉండటం లాంటివి చూసి భయపడకండి, ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారైన ఎస్పీ రోడ్‌లో సామాను కొనుక్కుని టంకం పెట్టించుకుంటే పోయేవే. భయపడాల్సింది ట్రస్ రాడ్‌కి. ఆలెన్ కీ మీరే తీసుకెళ్లి, ఓనర్‌ని అడిగి, నట్ పావు తిప్పు అటూ పావు తిప్పు ఇటూ కదులుతుందో లేదో చూడండి. బిగుసుకుపోయినా, లేదా పట్టు లేకుండా ఊరికే తిరుగుతున్నా, ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.