లివర్‌లో కేకలు – 4వ పాఠం: గడ్డివామిలో పాము

పోయిన పాఠం చివర ఒక రిపోర్టు ఇచ్చాను. ఇరవై రెండేళ్ళ అబ్బాయి. పుట్టినప్పుడే తల్లి నుంచి హెపటైటిస్ బి సోకింది. మిల్లీలీటరు రక్తంలో వైరస్ డీఎన్ఏ 20 కోట్ల యూనిట్లు, లివర్ కణాల్లో ఉండే ఎస్‌జీపీటీ అనే ఎంజైమ్ 24, అంటే మామూలే. వైరస్ ఇంత ఉన్నా ఎస్‌జీపీటీ ఎందుకు పెరగలేదని అడిగాను. జవాబుల్లో ఎక్కువమంది "ల్యాబ్ పొరపాటు" అన్నారు. కొందరు "వైరస్ బలహీనమైనది" అన్నారు. రెండూ కాదు. ఇందులో నా తప్పూ ఉంది. "వైరస్ వల్ల లివర్ వాస్తుంది" అని ఒక్క వాక్యంలో తేల్చేశాను. ఆ "వల్ల" దగ్గరే అందరూ జారారు. అందుకే ఈ వారం చెప్పాల్సిన ఫైబ్రోసిస్‌ను (లివర్‌లో మచ్చ కట్టడం) పక్కన పెడుతున్నాను. కణం, ప్రొటీన్ అంటే ఏమిటో మాత్రం మళ్ళీ చెప్పను.

మన పల్లెల్లో గడ్డివామిలో పాము దూరితే ఏమవుతుంది? పాము గడ్డి తినదు. వామిని పీకి చెల్లాచెదురు చేసేది పామును వెతికే మనుషులు. హెపటైటిస్ బి అచ్చం అంతే. అది లివర్ కణంలో కాపురం పెడుతుంది, కేంద్రకంలో తన డీఎన్ఏను చుట్టగా దాచుకుంటుంది, కాపీలు బయటికి పంపుతుంది. కణాన్ని మాత్రం సాధారణంగా తాను చంపదు. ఆ కణం పైన కనిపించే వైరస్ ప్రొటీన్ ముక్కను గుర్తుపట్టి చంపేది మన సీడీ8 టీ కణం, వైరస్ సోకిన కణాల్ని వెతికే ఒక రకం తెల్లకణం. చచ్చిన కణంలోంచి రక్తంలోకి కారేదే ఎస్‌జీపీటీ. అంటే అది పామును కొలవదు, పీకిన గడ్డిని కొలుస్తుంది. తిరుపతిలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పిల్లలకు ఏటా మొదటి రోజే ఇది చెబుతాను, పరీక్షలో మళ్ళీ తిరగేసి రాస్తారు. చాలా బాధగా ఉంటుంది.

ఇక కేక సంగతి. కేక అంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే ప్రొటీన్ కబురు. టీ కణం ఇంటర్‌ఫెరాన్ గామా అనే కబురును వదులుతుంది. అది తగిలిన చుట్టుపక్కల కణాలు సీఎక్స్‌సీఎల్10 అనే కబురు పంపుతాయి. ఆ కబురందుకుని మరిన్ని తెల్లకణాలు లివర్‌లోకి దిగుతాయి. కేక విని పరిగెత్తుకొచ్చిన ఊరివాళ్ళలో పామును కళ్ళారా చూసినవాళ్ళు ఎంతమంది? ఇక్కడా వచ్చిన వాటిలో చాలావాటికి వైరస్‌ను గుర్తుపట్టడం రాదు, అయినా వాపును పెంచుతాయి. కానీ కేకంతా చెడ్డదే అనుకోకండి. అదే ఇంటర్‌ఫెరాన్ గామా, దానికి తోడు టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే ఇంకో కబురు, కణాన్ని చంపకుండానే లోపలి వైరస్‌ను అణచగలవు. హెపటైటిస్ సి తీరు వేరు. అది కణంలో కేక మోసుకెళ్ళే మావ్స్ అనే ప్రొటీన్‌నే కత్తిరించేస్తుంది.

ఇప్పుడు ఆ అబ్బాయిని చూడండి. పుట్టినప్పుడు సోకితే వందలో 90 మందికి వైరస్ అలాగే ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకితే 5 మందికి లోపే. అతని టీ కణాలు ఇంకా గట్టిగా వెతకడం లేదు. పాములు కోట్లున్నాయి, వామి కదలలేదు. అదే అబ్బాయికి ముప్పై అయిదేళ్ళప్పుడు ఎస్‌జీపీటీ 180కి పెరిగి, డీఎన్ఏ తగ్గుతూ ఉంటే? వెతుకులాట మొదలైంది.

ఇంకొకటి. హెపటైటిస్ బి ఉన్న ఒకామె కీళ్ళనొప్పులకు నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడింది. ఎస్‌జీపీటీ 30. మాత్రలు ఆపిన కొన్ని వారాలకు 700. స్టెరాయిడ్ కేకల్ని నొక్కేసినన్నాళ్ళూ వైరస్ పెరిగింది, ఆపగానే ఊరంతా ఒక్కసారి మీదపడింది. డాక్టరు చీటీ లేకుండా మందుల షాపులో స్టెరాయిడ్ కొనేవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, దయచేసి ఈ పేరా చదివి వినిపించండి.

ఎస్‌జీపీటీ మామూలుగా ఉంటే లివర్ బాగున్నట్టేనా? కాదు. సిర్రోసిస్ (లివరంతా మచ్చలు కట్టి గట్టిపడటం) ముదిరినా మామూలుగా ఉండవచ్చు. పీకడానికి గడ్డే మిగలలేదు.

నేను ముందు ఎస్‌జీపీటీనే చూస్తాను. రిపోర్టులో దాని పక్కనే ఉండే ఎస్‌జీవోటీ అనే ఇంకో ఎంజైమ్ లివర్‌లోనే కాదు, కండరాల్లోనూ ఎక్కువే ఉంటుంది.

అభ్యాసం: నలభై ఎనిమిదేళ్ళ ఆమె, ఆరు నెలలకొక రిపోర్టు. డీఎన్ఏ 50 లక్షలు, 8 లక్షలు, 900. ఎస్‌జీపీటీ 26, 210, 31. ఒక్కో రిపోర్టుకు ఎవరు కేక వేశారో, ఎవరు విన్నారో, ఏ కణం చచ్చిందో బాణాలతో గీయండి. తర్వాత "వల్ల" అనే మాట వాడకుండా పది వాక్యాల్లో రాయండి. నాలుగో రిపోర్టు కూడా ఉంది: డీఎన్ఏ 900, ఎస్‌జీపీటీ 34, ఎస్‌జీవోటీ 95. ముందురోజే ఆమె అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండకు వెళ్ళొచ్చింది.