పాత ఫోను, పాత నంబరు వదిలేసే ముందు

కొత్త ఫోను చేతికి రాగానే చాలామందికి వచ్చే దిగులు ఒకటే: ఫోటోలు, కాంటాక్టులు పోకుండా ఎలా మార్చుకోవాలి? ఆ పని ఇప్పుడు సులువైపోయింది. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి కాసేపు ఓపిక పడితే చాలు. దిగులు పడాల్సింది ఇంకో విషయానికి. బ్యాంకు, ఈమెయిల్, మెసేజింగ్ యాప్‌లు మనల్ని గుర్తుపట్టేది ఆ ఫోనుతో, ఆ నంబరుతో. ముందు ఆ గుర్తింపు కొత్తదానికి మారాలి, తర్వాత పాతది చెరపాలి, ఆ తర్వాతే అది చేతులు మారాలి. ఈ వరస తప్పితే మన ఖాతాలోకి మనమే వెళ్లలేకపోవచ్చు, లేదా ఇంకెవరో వెళ్లిపోవచ్చు.

ముందు నంబరు సంగతి చెప్తాను. నా దృష్టిలో ఫోను కంటే దానితోనే ప్రమాదం ఎక్కువ, పట్టించుకునేవాళ్లు మాత్రం తక్కువ.

మనం వదిలేసిన నంబరు అంతటితో మాయమైపోదు. కొన్నాళ్లు పక్కన పెట్టి, టెలికాం కంపెనీ దాన్ని మరొకరికి ఇస్తుంది. డిస్‌కనెక్ట్ అయ్యాక భారత్‌లో కనీసం 90 రోజులు, అమెరికాలో కనీసం 45 రోజులు ఆగాలన్నది నిబంధన. ఆ గడువు దాటాక మన ఖాతాలకు రావాల్సిన ఓటీపీలు ఆ కొత్త మనిషి ఫోనుకు వెళ్తాయి. 2021లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక పని చేశారు. అమెరికాలో రెండు పెద్ద కంపెనీలు కొత్త కస్టమర్లకు ఇవ్వడానికి సిద్ధంగా ఉంచిన నంబర్లలో 259 తీసుకుని పరిశీలించారు. వాటిలో 171 నంబర్లకు పాతవాళ్ల ఖాతాలు ఇంకా ముడిపడే ఉన్నాయి. నంబరు అందుకున్న మనిషి మంచివాడే కావచ్చు. అయినా మన డబ్బును ముక్కూ మొహం తెలియని మనిషి మంచితనానికి వదిలేయడం ఎందుకు?

కాబట్టి పాత సిమ్ పనిచేస్తుండగానే అన్నిచోట్లా నంబరు మార్చేయాలి. ఆగిపోయాక మార్చడం నరకం, ఎందుకంటే చాలాచోట్ల మార్పును ఒప్పుకోవడానికి పాత నంబరుకే ఓటీపీ పంపుతారు. మొదట ఈమెయిల్‌లో రికవరీ నంబరు, అంటే లాగిన్ కాలేకపోతే ఖాతా తిరిగి పొందడానికి ఇచ్చిన నంబరు, మార్చండి. మిగతా ఖాతాల్లో ఏ పాస్‌వర్డ్ మరిచిపోయినా కొత్తది పెట్టుకునే లింకు వచ్చేది అక్కడికే. తర్వాత బ్యాంకులు, కార్డులు, బీమా, పెట్టుబడులు. ఆ తర్వాత ప్రభుత్వ గుర్తింపు కార్డులు. షాపింగ్, సోషల్ మీడియా చివర్లో చూసుకున్నా ఫరవాలేదు. ఏయే సంస్థల్లో నంబరు ఇచ్చారో గుర్తులేకపోతే, మెసేజ్‌ల్లో 'ఓటీపీ', 'కోడ్' అని వెతకండి. ఎప్పుడో మరిచిపోయిన ఖాతాలు కూడా అక్కడ బయటపడతాయి.

ఇక్కడ తరచూ జారిపోయేది ఇంట్లోవాళ్ల ఖాతాలు. అమ్మ ఈమెయిల్‌కు రికవరీ నంబరు మీదే పెట్టి ఉంటారు. నాన్న పెన్షన్ ఖాతాకూ మీ నంబరే ఉండొచ్చు. వాళ్లకు ఆ సంగతి తెలియదు, మీకు గుర్తుండదు. ఒకసారి వాళ్ల పక్కన కూర్చుని చూడండి.

వాట్సాప్‌లో నంబరు మార్చుకునే సదుపాయం సెట్టింగ్స్‌లోనే ఉంది. ఖాతా, గ్రూపులు కొత్త నంబరుకు వచ్చేస్తాయి. అలా మార్చకుండా వదిలేసిన ఖాతా 45 రోజులు వాడకంలో లేకుండా ఉండి, తర్వాత అదే నంబరుతో వేరే ఫోనులో తెరుచుకుంటే పాత సమాచారం తీసేస్తామని ఆ సంస్థ చెబుతోంది. అది మంచిదే, కానీ దాని మీద భారం వేసి కూర్చోకండి. నంబరు మారిందని దగ్గరివాళ్లకు మీరే ఫోన్ చేసి చెప్పండి. రేపు పాత నంబరు నుంచి "అర్జెంటుగా డబ్బు పంపు" అని మెసేజ్ వస్తే అది మీరు కాదని వాళ్లకు తెలియాలి.

ఇక ఫోను. లాగిన్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్‌తోపాటు అడిగే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ వాడేవాళ్లు ముందు దాని సంగతి చూడాలి. ఆరంకెల కోడ్‌లు పుట్టించే రహస్యం ఆ ఫోనులోనే ఉంటుంది. గూగుల్ ఆథెంటికేటర్‌కు ఖాతాతో సింక్ అయ్యే, అంటే కోడ్‌లను గూగుల్ ఖాతాలోనూ దాచే, సదుపాయం 2023 ఏప్రిల్‌లో గానీ రాలేదు. ఇప్పటికీ అది ఆన్ చేసుకోనివాళ్లు ఫోను చెరిపేస్తే కోడ్‌లూ దానితోపాటే పోతాయి. యాప్‌లోనే ఖాతాలను క్యూఆర్ కోడ్ ద్వారా కొత్త ఫోనుకు పంపే దారి ఉంది, అది వాడండి. గూగుల్ ఖాతాకు పది బ్యాకప్ కోడ్‌లు కూడా తీసుకోవచ్చు. ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసి ఇంట్లో భద్రంగా పెట్టండి, ఫోనులో స్క్రీన్‌షాట్ తీసి కాదు. వాట్సాప్ బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెట్టినవాళ్లు అది గుర్తుందో లేదో ఇప్పుడే చూసుకోండి.

అన్నీ మార్చాక వెంటనే చెరిపేయకండి. పాత ఫోను స్విచాఫ్ చేసి ఓ వారం బీరువాలో పెట్టండి. ఆ వారంలో బ్యాంకు యాప్ తెరవండి, ఒక చెల్లింపు చేయండి, ఈమెయిల్ నుంచి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవండి. ఏదైనా మిగిలిపోయి ఉంటే అప్పుడు తెలుస్తుంది, సరిదిద్దుకోవడానికి పాత ఫోను ఇంకా మీ దగ్గరే ఉంటుంది. కొనేవాళ్లు తొందరపెట్టినా ఈ వారం మాత్రం వదులుకోవద్దని నా మాట.

చెరిపే పని ఎలా చేయాలో చెప్తాను. ఫోటోలు, కాంటాక్టులు ఒక్కొక్కటిగా డిలీట్ చేయడం మొదలుపెట్టకండి. ఖాతా ఇంకా సింక్‌లో ఉంటే ఇక్కడ తీసేసినవి క్లౌడ్‌లోంచీ, అక్కడి నుంచి కొత్త ఫోనులోంచీ పోతాయి. ముందు చెల్లింపు యాప్‌ల నుంచి ఖాతా తీసేయండి, వాలెట్‌లో కార్డులుంటే తొలగించండి. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఖాతాను తీసేయండి. ఐఫోన్‌లో ఫైండ్ మై (పోయిన ఫోనును వెతికే సదుపాయం) ఆపి, యాపిల్ ఖాతా నుంచి సైనౌట్ అవండి. వాచీ, ఇయర్‌బడ్స్ జత విడదీయండి. సిమ్ తీయండి, ఈసిమ్ (కార్డు లేకుండా ఫోనులోనే ఉండే సిమ్) అయితే అదీ తొలగించండి. అప్పుడు సెట్టింగ్స్‌లోంచి ఫ్యాక్టరీ రీసెట్, అంటే ఫోనులో ఉన్నదంతా ఒకేసారి చెరిపేయడం.

రీసెట్‌ను నమ్మొచ్చా అని చాలామంది అడుగుతారు. ఒకప్పుడు అనుమానపడాల్సిందే. 2015లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు 21 పాత ఆండ్రాయిడ్ ఫోన్లను పరీక్షించి, రీసెట్ చేశాక కూడా సమాచారం వెలికితీయగలిగారు. అవి 2.3 నుంచి 4.3 దాకా వెర్షన్లున్న ఫోన్లు. ఇప్పటి ఫోన్లలో సమాచారమంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు సంకేత రూపంలో ఉంటుంది. రీసెట్ ఆ తాళంచెవినే నాశనం చేస్తుంది కాబట్టి మిగిలింది ఎవరూ చదవలేరు. మరీ పాత ఫోనైతే మాత్రం ముందు సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి, తర్వాతే రీసెట్ చేయండి. ఆ సదుపాయం కూడా లేకపోతే అమ్మొద్దు, వచ్చే డబ్బు ఆ ప్రమాదానికి చాలదు.

మెమరీ కార్డు సంగతి వేరు. చాలావరకు అది ఎన్‌క్రిప్ట్ అయి ఉండదు, మామూలుగా డిలీట్ చేసినవి తిరిగి తీయడం కష్టమేమీ కాదు. అందులో గుర్తింపు కార్డుల ఫోటోలు, సంతకం చేసిన చెక్కు ఫోటోలు ఉండి ఉంటాయి. ఫోనుతో కార్డు ఇవ్వకండి, అంతే.

ఇంట్లో పిల్లలకు ఇచ్చినా ఇదే పద్ధతి. మన కార్డు, మన ఈమెయిల్ ఉన్న ఫోను వాళ్ల చేతిలో ఉంటే, తెలియక నొక్కిన ఒక్క లింకుతో నష్టం మనకే.

రిపేరుకు ఇచ్చేటప్పుడు లాక్ నంబరు చెప్పాల్సివస్తే ఆలోచించండి. కెనడాలో గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు లాప్‌టాప్‌లను రిపేరు దుకాణాలకు ఇచ్చి, వెనక్కి వచ్చాక వాటిలో ఏమేం తెరిచారో నమోదైన రికార్డులు చూశారు. 12 దుకాణాల్లో ఆరుచోట్ల వ్యక్తిగత ఫైళ్లు తెరిచారు, రెండుచోట్ల కాపీ కూడా చేసుకున్నారు. కొన్ని ఫోన్లలో ఇప్పుడు రిపేర్ మోడ్ ఉంది. అది ఆన్ చేస్తే మన సమాచారం దాచిపెట్టి ఫోను మాత్రం పనిచేయిస్తుంది. ఆ సదుపాయం లేకపోతే బ్యాకప్ తీసి, రీసెట్ చేసే ఇవ్వండి.

అమ్మేశాక కూడా ఒక ఫోన్ రావచ్చు: "మీ ఖాతా అడుగుతోంది, పాస్‌వర్డ్ చెప్పండి" అని. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఈ అడ్డు ఉంది, ఐఫోన్లలో 2013 నుంచే ఉంది. అడిగేవాళ్లు నిజాయితీపరులే అయినా పాస్‌వర్డ్ గానీ, మీకొచ్చిన ఓటీపీ గానీ చెప్పకండి. ఐఫోన్ అయితే ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లోకి వెళ్లి ఆ ఫోనును మీ ఖాతా నుంచి మీరే తీసేయొచ్చు. ఆండ్రాయిడ్ అయితే ఫోను తెప్పించుకుని, మీ చేత్తో పాస్‌వర్డ్ కొట్టి, ఖాతా తీసి, మళ్లీ రీసెట్ చేసి ఇవ్వండి.